జి.పి.ఎ., ఎస్.పి.ఎ., ఆథరైజేషన్ లెటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

దస్తావేజులు రాసే నా టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్లు మనుషులు మారుతున్నా, మన బదులు పని చేసేందుకు ఇంకొకరికి అధికారం ఇచ్చే కాగితాల గురించి అవే సందేహాలు అడుగుతుంటారు. కొందరు పని పూర్తయ్యాక వచ్చి అడుగుతారు, అప్పటికి చెప్పినా లాభం ఉండదు. అందుకే అన్నిటినీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఇవన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని పనులకు సంబంధించినవి. ఆస్తి పెద్దదైనా, తగాదా ఉన్నా వకీలుకు చూపించకుండా సంతకం పెట్టకండి.

## రాయించే ముందు

మామూలు ఆథరైజేషన్ లెటర్ సరిపోతుందా, పవర్ ఆఫ్ అటార్నీ కావాలా?

అవతలి మనిషి మీ కోసం ఏం చేయబోతున్నాడో చూసుకోండి. యూనివర్సిటీ నుంచి సర్టిఫికెట్ తీసుకురావడం, ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు తెచ్చుకోవడం, బ్యాంకు నుంచి చెక్కుబుక్కు తీసుకోవడం లాంటి పనులకు తెల్లకాగితం మీద రాసిన లెటర్ చాలు. మీ బదులు తను సంతకం పెట్టి, దానికి మీరు కట్టుబడి ఉండాలంటే మాత్రం పవర్ ఆఫ్ అటార్నీ (వాడుకలో పవర్) కావాలి. ఇల్లు అమ్మడం, కొనడం, అద్దె ఒప్పందం రాయడం, బిల్డర్‌కు డెవలప్‌మెంటుకు ఇవ్వడం అన్నీ ఈ కోవలోవే. కొన్ని బ్యాంకులు, ఆఫీసులు లెటర్‌కు తమ సొంత ఫారమే వాడమంటాయి. ముందు ఫోన్ చేసి కనుక్కుంటే ఒక తిరుగుడు తప్పుతుంది.

జి.పి.ఎ.కి, ఎస్.పి.ఎ.కి తేడా ఏమిటి?

జి.పి.ఎ. అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. ఒకే కాగితంతో చాలా రకాల పనులకు అధికారం ఇస్తుంది. ఎస్.పి.ఎ. అంటే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ. ఫలానా ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కు హాజరు కావడం లాంటి ఒక పనికో, దానికి సంబంధించిన రెండు మూడు పనులకో మాత్రమే. పాతవాళ్లు ముక్తారునామా అనేది కూడా పవర్ ఆఫ్ అటార్నీనే. దీనికి 1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం ఉంది కానీ అది చాలా చిన్నది. రాసిచ్చినవాడికి, రాయించుకున్నవాడికి మధ్య హక్కులు, బాధ్యతలు ఎక్కువగా 1872 కాంట్రాక్టు చట్టంలోని ఏజెన్సీ అధ్యాయం నుంచి వస్తాయి.

నన్నడిగితే పదింటిలో ఎనిమిదిసార్లు ఎస్.పి.ఎ. చాలు. ఒక గది తాళం ఇవ్వాల్సిన చోట జనం ఇంటి తాళాలగుత్తి మొత్తం ఇచ్చేస్తున్నారు. "మళ్లీ మళ్లీ ఎవరు తిరుగుతారులెండి" అంటారు. రెండోసారి తిరగడానికి బద్ధకించి రాసిచ్చిన జి.పి.ఎ. వల్ల ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగేవాళ్లు ఉన్నారు.

జి.పి.ఎ. మీద ప్లాటు కొన్నాను. అది నాదే కదా?

కాదు. సూరజ్ ల్యాంప్ కేసులో 2011 అక్టోబర్ 11న సుప్రీంకోర్టు ఈ సంగతి సూటిగా చెప్పింది. జి.పి.ఎ., అమ్మకపు అగ్రిమెంటు, వీలునామా కలిపి రాయించుకున్నంత మాత్రాన ఆస్తి చేతులు మారదు. రిజిస్టరు అయిన క్రయ దస్తావేజు ఉంటేనే హక్కు వస్తుంది. కుటుంబ సభ్యుడికో, బిల్డర్‌కో నిజంగా పని అప్పగిస్తూ రాసిన పవర్లకు ఆ తీర్పు అడ్డు రాదు. మీకు అమ్మిన మనిషి బతికి ఉండగానే, అసలు యజమాని చేత గానీ చెల్లుబాటులో ఉన్న పవర్ ద్వారా గానీ క్రయ దస్తావేజు రాయించుకోండి. ఆలస్యం చేస్తే వారసులందరి సంతకాల కోసం తిరగాల్సి వస్తుంది.

ఎవరికి ఇస్తే మంచిది? ఇద్దరికి కలిపి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. అయితే "ఇద్దరూ కలిసి" అని రాస్తున్నారా, "కలిసి గానీ, విడివిడిగా గానీ" అని రాస్తున్నారా అన్నది చూసుకోండి. మొదటిదైతే ఒకరు ఊళ్లో లేనప్పుడు పని ఆగిపోతుంది. రెండోదైతే ఒకరికి తెలియకుండా ఇంకొకరు సంతకం పెట్టేయగలరు. అన్నదమ్ముల్లో ఒకరికి ఇస్తున్నప్పుడు ఆ సంగతి మిగతావాళ్లకు చెప్పండి. చట్టం అడగదు, ఇంట్లోవాళ్లు అడుగుతారు.

నాన్నగారికి మతిమరుపు మొదలైంది. ఇప్పుడు జి.పి.ఎ. రాయించుకోవచ్చా?

ఏం రాసిస్తున్నారో, దానివల్ల ఏమవుతుందో ఆయనకు ఆ రోజున తెలియాలి. అది తెలుస్తున్న దశలో ఉంటే రాయించుకోవచ్చు. దగ్గరి తేదీతో డాక్టర్ సర్టిఫికెట్ కూడా పెట్టుకుంటే రేపు ఎవరైనా ప్రశ్నించినప్పుడు పనికొస్తుంది. తెలియని దశకు వచ్చేస్తే పవర్ రాయించుకోవడం కుదరదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రాసిచ్చినవాళ్లకు తర్వాత మతిస్థిమితం పోతే, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం మామూలు పవర్ అక్కడితో ముగిసిపోతుంది. అమెరికాలో డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ అని ఒకటుంది, అది మతి పోయాక కూడా నడుస్తుంది. అక్కడి పిల్లలు ఇక్కడా అలాగే అనుకుని ధీమాగా ఉంటారు. ఇక్కడ అలాంటి పరిస్థితి వస్తే కోర్టు ద్వారా సంరక్షకుణ్ణి నియమించుకోవాలి.

## రాసేటప్పుడు

ఆథరైజేషన్ లెటర్ ఎలా రాయాలి? నమూనా ఇవ్వండి.

ఎవరు, ఎవరికి, ఏ పనికి, ఎప్పటిదాకా అన్న నాలుగూ ఉంటే లెటర్ పూర్తయినట్టే. ఇలా రాయొచ్చు:

తేదీ: ........
గౌరవనీయులైన ........ గారికి,
విషయం: నా ........ సర్టిఫికెట్ తీసుకునేందుకు అధికారం ఇవ్వడం గురించి.
........ గారి కుమారుడు/కుమార్తె ........ అనే నేను, దరఖాస్తు నంబరు ........ కింద జారీ అయిన నా సర్టిఫికెట్‌ను నా తరఫున తీసుకుని రసీదు మీద సంతకం చేయడానికి నా తమ్ముడు ........ (గుర్తింపు కార్డు నంబరు ........) కు అధికారం ఇస్తున్నాను. ఈ అధికారం ఈ ఒక్క పనికి, ........ తేదీ వరకు మాత్రమే. అతని నమూనా సంతకాన్ని కింద ధ్రువీకరిస్తున్నాను.
నా సంతకం: ........
అధికారం పొందిన వ్యక్తి సంతకం: ........

ఇద్దరి గుర్తింపు కార్డుల కాపీలు జతచేయండి. కాపీ మీద అడ్డంగా "ఫలానా పనికి మాత్రమే" అని రాసి తేదీ వేయండి. ఆధార్ ఇవ్వాల్సి వస్తే, ఆ ఆఫీసు ఒప్పుకుంటే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. చాలామంది మర్చిపోయేది "రసీదు మీద సంతకం చేయడానికి" అన్న ముక్క. అది లేదని కౌంటర్ దగ్గర వెనక్కి పంపిన సందర్భాలున్నాయి.

ఆస్తి కోసం రాసే పవర్‌లో ఏమేం ఉండాలి?

రాసిచ్చేవాళ్లు, రాయించుకునేవాళ్ల పూర్తి పేర్లు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా. ఎందుకు ఇస్తున్నారో ఒక వాక్యం. ఏ అధికారాలు ఇస్తున్నారో వరుసగా. ఏవి ఇవ్వడం లేదో కూడా రాయడం మంచిది. ఉదాహరణకు "తనఖా పెట్టడానికి, దానం ఇవ్వడానికి అధికారం లేదు" అని. చివర్లో గడువు తేదీ, ఆస్తి షెడ్యూలు, ఇద్దరు సాక్షుల సంతకాలు.

అన్నిటికన్నా షెడ్యూలు దగ్గర జాగ్రత్త. గ్రామం, మండలం, జిల్లా, సర్వే నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, మీకు ఆ ఆస్తి వచ్చిన దస్తావేజు నంబరు, సంవత్సరం అన్నీ ఒరిజినల్ పక్కన పెట్టుకుని సరిచూడాలి. నేనే ఒకసారి సర్వే నంబరులో 214 అని రాయాల్సింది 241 అని రాశాను. రాసిచ్చిన పెద్దాయన అప్పటికే కూతురి దగ్గరికి విదేశానికి వెళ్లిపోయారు. ఆ రెండంకెలు సరిదిద్దడానికి ఆయన కాన్సులేట్‌కు వెళ్లి మళ్లీ సంతకం పెట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి అంకెలన్నీ పైకి చదివి వినిపించందే ప్రింటు తీయను. జిల్లాలు, మండలాలు మారాయి కాబట్టి పాత దస్తావేజులోని జిల్లా పేరును గుడ్డిగా ఎక్కించకండి. పాత పేరు, కొత్త పేరు రెండూ రాయండి.

"నా తరఫున అన్ని పనులూ చేయవచ్చు" అని రాస్తే అమ్మే అధికారం కూడా వచ్చినట్టేనా?

అలా లెక్కపెట్టుకోకండి. పవర్‌లో స్పష్టంగా రాసిన అధికారాలే ఉన్నట్టు కోర్టులు చూస్తాయి. ఇంటి పన్ను కట్టడానికి, అద్దె వసూలు చేయడానికి రాసి, చివర "ఇతరత్రా అన్ని పనులూ" అని ముక్తాయిస్తే, ఆ ఇతరత్రాలో అమ్మకం ఇమడదు. అమ్మాలంటే అమ్మే అధికారం, అగ్రిమెంటు రాసే అధికారం, ప్రతిఫలం (అమ్మిన డబ్బు) తీసుకునే అధికారం, సబ్‌రిజిస్ట్రార్ ముందు దస్తావేజు దాఖలు చేసి ఒప్పుకునే అధికారం, స్వాధీనం ఇచ్చే అధికారం విడివిడిగా రాయాలి.

అమ్మిన డబ్బు ఏజెంటు (పవర్ పుచ్చుకున్న మనిషి) ఖాతాలో పడకుండా ఎలా రాయాలి?

"ప్రతిఫలం మొత్తం నా పేరిట ఉన్న ఫలానా బ్యాంకు ఖాతాకు మాత్రమే జమ కావాలి, నగదుగా తీసుకునే అధికారం లేదు" అని రాసి ఖాతా నంబరు వేయండి. తమ్ముడికి ఇస్తూ ఇలా రాస్తే బాగుండదేమో అని మొహమాటపడతారు. లెక్కలు తేలిగ్గా తేలితే తమ్ముడికే మంచిది.

తెలుగులో రాయొచ్చా, ఇంగ్లీషులోనే ఉండాలా?

రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోనూ తెలుగు చెల్లుతుంది. బ్యాంకు హెడ్డాఫీసుకో, వేరే రాష్ట్రానికో వెళ్లే కాగితమైతే ఇంగ్లీషులో ఉంటే నయం. విదేశంలో నోటరీ ముందు సంతకం పెట్టేది కూడా అంతే.

అమ్మమ్మకు సంతకం రాదు. వేలిముద్ర వేయొచ్చా?

వేయొచ్చు. దస్తావేజు మొత్తం ఆవిడకు చదివి వినిపించి, అర్థమయ్యాకే ముద్ర వేయించారని కాగితంలో రాయాలి. ముద్ర పక్కన "ఫలానా వారి ఎడమచేతి బొటనవేలి ముద్ర" అని ఎవరు రాశారో వాళ్ల పేరు, సంతకం ఉండాలి. చదివి వినిపించేది పవర్ పుచ్చుకునే మనిషి కాకుండా ఇంకెవరైనా అయితే మంచిది.

బీరువాలో రెండేళ్ల నాటి స్టాంపు పేపరు ఉంది. పనికొస్తుందా?

పనికొస్తుంది. అందరూ చెప్పే ఆరు నెలల గడువు, వాడని స్టాంపు పేపరును వెనక్కిచ్చి డబ్బు తీసుకోవడానికి. ఆరు నెలలు దాటిందని పేపరు చెల్లకుండా పోదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత పేపరు చూస్తే ఎదుటివాళ్లకు వెనక తేదీ వేశారేమో అన్న అనుమానం వస్తుంది. అందుకని కొత్తదే కొనుక్కోమంటాను.

## సంతకం, నోటరీ, రిజిస్ట్రేషన్

వంద రూపాయల పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే చాలదా?

పనిని బట్టి. కరెంటు మీటరు పేరు మార్పు, ఆఫీసులో ఫైలు వెంట తిరగడం, అద్దె వసూలు లాంటివాటికి నోటరీ పవర్ సాధారణంగా నడుస్తుంది. స్థిరాస్తి అమ్మకం, తనఖా, డెవలప్‌మెంటు అగ్రిమెంటు లాంటివాటికి నోటరీతో సరిపెట్టుకోవద్దు. మీ తరఫున ఇంకొకరు దస్తావేజు దాఖలు చేయాలంటే, ఆ పవర్ సబ్‌రిజిస్ట్రార్ ముందు సంతకమై, ఆయన ధ్రువీకరణ పొంది ఉండాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ చెబుతుంది. నోటరీ చేయించినా, మీరు స్వయంగా వెళ్లి నోటరీ రిజిస్టరులో సంతకం పెట్టండి. మనిషి లేకుండా ముద్ర వేసిన కాగితం అవసరానికి ఆదుకోదు.

స్థలం విశాఖపట్నంలో ఉంది, నేను హైదరాబాద్‌లో ఉంటాను. పవర్ ఎక్కడ రిజిస్టర్ చేయించాలి?

రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ చూసేది సంతకం పెట్టే సమయానికి మీరు ఎక్కడ నివసిస్తున్నారన్నదే, స్థలం ఎక్కడుందని కాదు. అందుకని హైదరాబాద్‌లో మీ ప్రాంతపు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోనే చేయించుకోవచ్చు. తర్వాత ఒరిజినల్‌ను విశాఖపట్నంలోని ఏజెంటుకు పంపాలి. జిరాక్సుతో అక్కడ పని జరగదు. ఒకటి రెండు సర్టిఫైడ్ కాపీలు తీసుకుని మీ దగ్గర పెట్టుకోండి.

తెలంగాణలో వ్యవసాయ భూమి అయితే రిజిస్ట్రేషన్ జరిగేది తహసీల్దారు ఆఫీసులో. 2020లో ధరణితో ఆ పద్ధతి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూ భారతి వచ్చినా అదే కొనసాగుతోంది. పవర్ రాయించే ముందే ఆ తహసీల్దారు ఆఫీసులో ఏ రూపంలో కావాలో అడిగి రాయించుకోండి.

అమ్మ మంచం మీద ఉంది, ఆఫీసుకు రాలేదు. ఏం చేయాలి?

అనారోగ్యంతో కదల్లేని వాళ్లు ఆఫీసుకు రానవసరం లేదని చట్టంలోనే ఉంది. కారణం రాసి, డాక్టర్ కాగితం జతచేసి, ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకుంటే సబ్‌రిజిస్ట్రార్ స్వయంగా గానీ, తాను నియమించిన మనిషి ద్వారా గానీ ఇంటి దగ్గరే సంతకం ధ్రువీకరించే వీలుంది. జైల్లో ఉన్నవాళ్లకూ ఇదే వెసులుబాటు.

స్టాంపు ఖర్చు ఎంతవుతుంది?

అధికారం ఎవరికి, దేనికి ఇస్తున్నారన్న దాన్నిబట్టి మారుతుంది. కుటుంబ సభ్యుడికి ఇస్తే తక్కువ. బయటివాళ్లకు అమ్మే అధికారంతో ఇస్తే ఆస్తి విలువ మీద శాతంగా పడవచ్చు. రెండు రాష్ట్రాల రేట్లూ వేరు, అప్పుడప్పుడూ మారుతుంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ రోజు రేటు చూసుకోండి. బావమరిది కుటుంబ సభ్యుడి కిందికి వస్తాడా అన్నది ఆ శాఖ ఇచ్చిన జాబితాను బట్టి తేలుతుంది, మీ ఇంటి లెక్క ప్రకారం కాదు.

## విదేశాల నుంచి పంపేటప్పుడు

అమెరికాలో ఉన్నాను. కాన్సులేట్‌కు వెళ్లాలా, నోటరీ చాలా?

రెండు దారులున్నాయి. భారత కాన్సులేట్ ద్వారా సంతకం ధ్రువీకరించుకోవడం ఒకటి. అక్కడి నోటరీ ముందు సంతకం పెట్టి, ఆ నోటరీ ఉన్న రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు నుంచి అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) తెప్పించడం రెండోది. హేగ్ అపోస్టిల్ ఒప్పందం భారత్‌లో 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. రెండు దారులకూ చట్టంలో చోటుంది. కానీ ఇక్కడి ఆఫీసుల్లో కాన్సులేట్ ముద్రనే ఎక్కువమంది గుర్తుపడతారు. అపోస్టిల్ కాగితం చూసి "ఇదేంటి" అని అడిగే గుమాస్తా దొరికితే మీ నాన్నగారికి టెన్షన్. ఏజెంటు చేత ముందే ఆ ఆఫీసులో అడిగించి, వాళ్లు ఏది తీసుకుంటామంటే అది చేయించండి.

ఇక్కడే తయారుచేసిన డ్రాఫ్టు తెప్పించుకుని అక్కడ ప్రింటు తీసుకోండి. ప్రతి పేజీ మీద సంతకం చేయండి. నోటరీ ముందుకు వెళ్లేదాకా చివరి సంతకం పెట్టకండి. ముందే పెట్టేసి వెళితే ఆ కాగితం వృథా.

దుబాయ్‌లో పనిచేస్తున్నాను. అపోస్టిల్ కుదురుతుందా?

యు.ఎ.ఇ. ఆ ఒప్పందంలో చేరలేదు. కాబట్టి భారత కాన్సులేట్ లేదా ఎంబసీ ధ్రువీకరణే తిన్నని దారి. ఖతర్, కువైట్‌లలో ఉన్నవాళ్లకూ ఇంతే. త్వరలో ఊరికి సెలవు మీద వస్తుంటే ఇదంతా మానేసి, వచ్చినప్పుడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోనే రాసిచ్చి వెళ్లండి. ఒక్క పూట పని.

వీడియో కాల్‌లో ఆన్‌లైన్ నోటరీ చేయించుకున్నాను. ఇక్కడ చెల్లుతుందా?

మన రిజిస్ట్రేషన్ చట్టం అడిగేది అధికారి "ముందు" సంతకం పెట్టడం. తెర మీద కనిపించడాన్ని ఇక్కడి ఆఫీసు ఒప్పుకుంటుందన్న నమ్మకంతో ఆస్తి పనులకు దిగవద్దు. మనిషి స్వయంగా వెళ్లడమే క్షేమం.

విదేశం నుంచి వచ్చిన పవర్‌ను ఇక్కడ ఏం చేయాలి?

భారతదేశానికి మొదటిసారి చేరిన రోజు నుంచి మూడు నెలల లోపు దానికి ఇక్కడి స్టాంపు డ్యూటీ కట్టాలి. 1899 స్టాంపుల చట్టం 18వ సెక్షన్ ఇది. మన దగ్గర జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఈ పని జరుగుతుంది, వాడుకలో వ్యాలిడేషన్ అంటారు. పవర్ ఒరిజినల్, ఇద్దరి ఫొటోలు, గుర్తింపు కాగితాలు, రాసిచ్చినవాళ్ల పాస్‌పోర్టు కాపీ, ఆస్తి దస్తావేజు కాపీ తీసుకెళ్లండి. కొరియర్ కవరు పారేయకండి! ఎప్పుడు చేరిందో చూపించేది అదే. గడువు దాటితే జరిమానాతో కట్టాల్సి రావచ్చు.

నాన్నకు పవర్ ఇస్తే నా ఎన్.ఆర్.ఇ. ఖాతా ఆయన నడపొచ్చా?

ఎన్.ఆర్.ఇ. అంటే విదేశంలో ఉండే భారతీయులు అక్కడి సంపాదనను ఇక్కడి బ్యాంకులో దాచుకునే ఖాతా. దాన్ని ఆయన కొంతవరకే నడపగలరు. ఇక్కడి ఖర్చులకు డబ్బు తీయొచ్చు, చెల్లింపులు చేయొచ్చు, మీకే డబ్బు పంపొచ్చు. మీ పేరిట కొత్త ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరవడం, మీ డబ్బు ఇక్కడివాళ్లకు బహుమతిగా ఇవ్వడం, ఇంకొకరి ఎన్.ఆర్.ఇ. ఖాతాకు మళ్లించడం రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కుదరవు. మీరు కాగితంలో ఎంత విశాలంగా రాసినా కుదరవు. దీనికి బ్యాంకు సొంత ఫారమే వాడండి.

## వాడేటప్పుడు

పవర్ ఉన్న మనిషి ఎలా సంతకం పెట్టాలి?

తన సంతకమే పెట్టాలి. దాని కింద "ఫలానా వారి తరఫున జి.పి.ఎ. హోల్డర్" అని, పవర్ నంబరు, సంవత్సరం రాయాలి. యజమాని సంతకాన్ని అచ్చుగుద్దినట్టు పెట్టడం ఫోర్జరీ అవుతుంది. అన్నయ్య సంతకమే కదా అనుకుని పెట్టేసేవాళ్లు నిజంగానే ఉన్నారు.

ఆ అధికారాన్ని ఏజెంటు ఇంకొకరికి ఇవ్వొచ్చా?

మీరు పవర్‌లో అనుమతిస్తేనే. మామూలుగా కుదరదు.

ఏజెంటు ఆస్తిని తన భార్య పేరిటే రాసేశాడు. ఇది చెల్లుతుందా?

మీకు చెప్పి, మీ ఒప్పుదల తీసుకుని చేయాల్సిన పని అది. ముఖ్యమైన సంగతులు మోసపూరితంగా దాచాడనో, దానివల్ల మీకు నష్టం జరిగిందనో చూపగలిగితే ఆ లావాదేవీని తిరస్కరించే హక్కు కాంట్రాక్టు చట్టం 215వ సెక్షన్ ఇస్తుంది. కోర్టులో తేల్చుకోవాలి, కాబట్టి తెలిసిన వెంటనే కదలండి. ముందే రాసుకోవాలంటే "తనకు గానీ, తన కుటుంబ సభ్యులకు గానీ అమ్మే అధికారం లేదు" అన్న ఒక్క వాక్యం చాలు.

పవర్ ఉంది కదా, నా కేసు మా బాబాయి కోర్టులో నడపొచ్చా?

మీ బదులు కాగితాల మీద సంతకం పెట్టొచ్చు, వకీలును పెట్టుకోవచ్చు. వకీలుకు ఇచ్చేది వకాలత్‌నామా, అది వేరే పత్రం. మీకు మాత్రమే స్వయంగా తెలిసిన విషయాల గురించి మీ బదులు ఆయన సాక్ష్యం చెప్పడం కుదరదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. బోనెక్కాల్సింది మీరే.

జి.పి.ఎ. హోల్డర్ దగ్గర ఇల్లు కొంటున్నాను. ఏం చూసుకోవాలి?

ఒరిజినల్ పవర్ చూడండి. రిజిస్టర్ చేసిన ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ మీరే తీసుకోండి, అమ్మేవాళ్లు ఇచ్చింది కాదు. రద్దు దస్తావేజు ఏమైనా ఎక్కిందేమో అక్కడే కనుక్కోండి. ఇ.సి. (ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన అమ్మకాలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి. అమ్మే అధికారం స్పష్టంగా ఉందా, గడువు దాటిందా చూడండి. ఇవన్నీ అయ్యాక అసలు యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడండి. బతికి ఉన్నారా, అమ్ముతున్న సంగతి తెలుసా అన్నది తేలాలి. "ఆయన బిజీ" అని తప్పించుకుంటుంటే అడ్వాన్సు ఇవ్వకండి.

## గడువు, రద్దు

పవర్ ఎన్నేళ్లు చెల్లుతుంది?

గడువు రాస్తే ఆ తేదీ వరకు. రాయకపోతే పని పూర్తయ్యేదాకా, లేదా రద్దు చేసేదాకా. పాత పవర్ చూపిస్తే కొన్ని ఆఫీసులు, యజమాని బతికే ఉన్నారని అఫిడవిట్ అడుగుతాయి.

రాసిచ్చినవాళ్లు చనిపోతే?

మామూలు పవర్ అక్కడితో ముగుస్తుంది. ఆ తర్వాత ఆస్తి వ్యవహారం వారసులది. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంతో మొదలుపెట్టాలి. మరణం సంగతి తెలిసి కూడా పవర్ వాడితే అది మోసం కింద కేసు దాకా వెళుతుంది. ఏజెంటు చనిపోయినా పవర్ పోతుంది, అతని కొడుకుకు రాదు.

డబ్బు పుచ్చుకుని ఇచ్చిన జి.పి.ఎ. రద్దు చేయొచ్చా?

ఏజెంటుకు ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ ప్రకారం, దానికి నష్టం వచ్చేలా ఏకపక్షంగా రద్దు చేయలేరు. బిల్డర్‌కు ఇచ్చిన డెవలప్‌మెంటు జి.పి.ఎ.లలో ఈ పేచీ తరచూ వస్తుంది. కాగితం మీద "రద్దు చేయరాని" అని రాసినంత మాత్రాన అలా అయిపోదు. నిజంగా ప్రయోజనం ఉందా అన్నదే చూస్తారు.

మామూలు పవర్‌ను ఎలా రద్దు చేయాలి?

రిజిస్టర్ చేసిన పవర్ అయితే రద్దు దస్తావేజు కూడా రిజిస్టర్ చేయించండి, వీలైతే అదే ఆఫీసులో. నోటరీ పవర్ అయితే రద్దు పత్రం కూడా నోటరీ చేయించండి. కానీ కాగితం రాసి బీరువాలో పెడితే పని కాదు. కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ ప్రకారం రద్దు సంగతి ఏజెంటుకు తెలిసినప్పటినుంచి అతని విషయంలో, బయటివాళ్లకు తెలిసినప్పటినుంచి వాళ్ల విషయంలో అమల్లోకి వస్తుంది. అందుకే ఏజెంటుకు అక్నాలెడ్జ్‌మెంట్‌తో నోటీసు పంపండి. ఒరిజినల్ వెనక్కి అడగండి. అతను ఆ కాగితం చూపించిన బ్యాంకు, సొసైటీ, ఆఫీసులన్నిటికీ రాసి రసీదు తీసుకోండి. ఆ జిల్లాలో ఎక్కువమంది చదివే పేపర్లో ప్రకటన వేయించి, ఆ రోజు పేపరు కాపీ దాచుకోండి.

రద్దు చేసే లోపే అమ్మేశాడు. ఇప్పుడేం చేయాలి?

పవర్ అమల్లో ఉండగా, ఆ అధికారం లోపలే, నిజాయితీగా కొన్నవాళ్లకు అమ్మితే ఆ అమ్మకం సాధారణంగా నిలుస్తుంది. అప్పుడు మీకు మిగిలేది ఏజెంటును లెక్క అడగడం. మీరు అడిగినప్పుడు లెక్క చెప్పడం కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ ప్రకారం అతని బాధ్యత. అధికారం దాటి అమ్మినా, రద్దు సంగతి తెలిసిన మనిషికే అమ్మినా కథ వేరు. క్రయ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, రద్దు నోటీసు అందిన రసీదు పట్టుకుని ఆలస్యం చేయకుండా సివిల్ వకీలును కలవండి. ఆ రెండు తేదీల్లో ఏది ముందు అన్నదే ఆయన మొదట చూస్తాడు.